హై-ఫై వ్యవస్థకు శుభ్రమైన కరెంటు: కండిషనర్ కొనాలా, ముందు ఇంటి వైరింగ్ చూడాలా?

ప్రశ్న: గోదావరి శ్రోత, రాజమహేంద్రవరం

సభ్యులందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం శివారులోని పాత రెండంతస్తుల ఇల్లు, త్రీ ఫేజ్ సర్వీసు. పై అంతస్తులో ఒక గదిని సంగీతానికే కేటాయించుకుని, ఛానెల్‌కు 60 వాట్ల యాంప్లిఫయర్, డాక్ (డిజిటల్ సంకేతాన్ని యాంప్లిఫయర్‌కు పనికివచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె), లాప్‌టాప్, ఒక జత స్పీకర్లు అమర్చుకున్నాను. టీవీ శబ్దం కూడా అదే స్పీకర్లలో వినాలని కేబుల్ సెట్ టాప్ బాక్సును యాంప్లిఫయర్‌కు కలిపాను. మా బావగారు డాలస్ నుంచి తిరిగి వస్తూ తెచ్చిన రికార్డ్ ప్లేయర్ కూడా ఉంది గాని, అది 120 వోల్టులది కావడం వల్ల ఇంకా ప్లగ్గులో పెట్టలేదు.

నన్ను వేధిస్తున్న శబ్దాలు మూడు. పాట ఏదీ పెట్టకపోయినా స్పీకర్లలో సన్నగా, ఆగకుండా ఒక హోరు వినిపిస్తుంది. ఉదయం వేళల్లో కొంతసేపు యాంప్లిఫయర్ పెట్టె లోపలి నుంచే బొంగురుగా మోత వస్తుంది, అది స్పీకర్లలో వచ్చేది కాదు, పెట్టె మీద చేయి పెడితే అదురు తెలుస్తుంది. మూడవది, కింద ఫ్రిజ్ ఆగినప్పుడల్లా స్పీకర్లలో టప్పుమని ఒక దెబ్బ వినిపించడం. వోల్టేజి కూడా స్థిరంగా ఉండదు. సాయంత్రం 205 దగ్గర ఉండి, అర్ధరాత్రి దాటాక 245 వరకు వెళుతుంది. నీళ్ల మోటారు వేసినప్పుడు సంగీతం గదిలో బల్బులు ఒక్కసారిగా కాంతివంతం కావడం కూడా చూస్తుంటాను.

ఒక అంగడివారు పవర్ కండిషనర్ (కరెంటులోని చప్పుడును వడకట్టే పెట్టె) పెట్టుకొమ్మని సలహా ఇచ్చి లక్ష రూపాయలకు పైగా ధర చెప్పారు. మరమ్మతు చేసే ఒకరు యాంప్లిఫయర్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను తీసేస్తే హోరు పోతుందని చెప్పి తీసేశారు. హోరు నిజంగానే తగ్గింది గాని, యాంప్లిఫయర్ లోహపు అంచు తాకితే వేలికి చిమచిమలాడుతుంది. కండిషనర్, సర్వో స్టెబిలైజర్, ఆన్‌లైన్ యూపీఎస్, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌తో నేరుగా తీగ సంబంధం లేకుండా కరెంటు అందించేది), వీటిలో దేనిమీద డబ్బు పెట్టడం సబబో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.


సమాధానం: విశ్రాంత ఇంజినీరు, ఏలూరు

గోదావరి శ్రోత గారికి నమస్కారం. మీరు అడిగిన నాలుగు పరికరాల మాట తరువాత చూద్దాం. మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన విషయమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మోటారు వేసినప్పుడు బల్బుల కాంతి తగ్గితే, అది వైరులో వోల్టేజి పడిపోవడం, ప్రతి ఇంట్లోనూ కొంత జరిగేదే. కాంతి పెరిగిందంటే మాత్రం మోటారు ఒక ఫేజు మీద, మీ సంగీతం గది మరొక ఫేజు మీద ఉండి, ఆ రెండింటికీ ఉమ్మడి అయిన న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఎక్కడో వదులైందని అనుమానించాలి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతకాలం ఏ ఫేజు మీద ఎంత లోడు పడినా మిగిలిన ఫేజులు దాదాపు తమ 230 వోల్టుల దగ్గరే నిలబడతాయి. ఆ అతుకులో నిరోధం పెరిగిందా, లోడు పడిన ఫేజులో వోల్టేజి తగ్గి, మిగిలిన ఫేజుల్లో పెరుగుతుంది. ఆ అతుకు పూర్తిగా తెగిపోయిన రోజున రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులకు పైగా ఒత్తిడి మీ మోటారు మీద, మీ యాంప్లిఫయర్ మీద వరుసగా పంచుకుని పడుతుంది, తక్కువ కరెంటు తీసుకునే పరికరానికే ఎక్కువ వాటా వస్తుంది. ఊరికే వెలుగుతూ 50 వాట్లు తీసుకునే యాంప్లిఫయర్‌కు, 1,500 వాట్ల మోటారుకు మధ్య ఆ పంపకం ఎలా జరుగుతుందో మీరే ఊహించవచ్చు. యాంప్లిఫయర్‌కు ముందు ఎంత ఖరీదైన కండిషనర్ పెట్టినా, అది ముందు కాలిపోవడం తప్ప మీకు ఒరిగేది ఉండదు.

కాబట్టి ఈ రోజే ఒక డిజిటల్ మల్టీమీటరుతో, చేయి తగలకుండా జాగ్రత్తగా, లేదా మీ ఎలక్ట్రీషియన్ చేత, సంగీతం గది సాకెట్‌లో మూడు కొలతలు తీయించండి. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య. ఇవి మోటారు ఆపి ఒకసారి, మోటారు నడుస్తుండగా ఒకసారి కావాలి. ఆ సంఖ్యలు ఇక్కడ పెట్టండి.

రెండవ మాట ఎర్త్ పిన్ను గురించి. దానిని వెంటనే తిరిగి పెట్టించండి. ఆధునిక పరికరాల్లో రేడియో తరంగాల చప్పుడును అణచడానికి ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు చిన్న కెపాసిటర్లు కలుపుతారు. ఎర్త్ లేనప్పుడు ఆ రెండు కెపాసిటర్ల మధ్యబిందువుగా పెట్టె మీద సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలుస్తాయి. కరెంటు అతి స్వల్పం కనుక వేలికి చిమచిమలాడడంతో సరిపోతోంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు నేరుగా పెట్టెకు తగిలినప్పుడు మాత్రం ఆ దారిలో మీ శరీరం తప్ప మరొకటి ఉండదు. హోరు తగ్గడం కోసం ప్రాణరక్షణను తీసివేయడం ఎవరు సలహా చెప్పినా ఒప్పుకోకూడని పని. హోరుకు దారి వేరే ఉంది.

ఆ దారి ఇది. మీ పరికరాల ఎర్త్ ఒక చోట నేలను చేరుతుంది. కేబుల్ టీవీ తీగ పైకవచం వీధిలో మరొక చోట నేలను చేరుతుంది. ఈ రెండు చోట్ల నేల ఒకే వోల్టేజిలో ఉండదు. ఆ తేడా వల్ల కేబుల్ కవచం గుండా, సెట్ టాప్ బాక్సు గుండా, మీ సిగ్నల్ తీగ కవచం గుండా, యాంప్లిఫయర్ ఎర్త్ గుండా ఒక వలయంలో 50 హెర్ట్జ్ కరెంటు ప్రవహించి, స్పీకర్లలో హోరుగా వినిపిస్తుంది. ఎర్త్ పిన్ను తీసేసినప్పుడు ఆ వలయం తెగింది కనుకనే హోరు తగ్గింది. పిన్ను పెట్టించిన తరువాత యాంప్లిఫయర్‌కు వచ్చే సిగ్నల్ తీగలన్నీ ఊడదీసి వినండి. హోరు ఆగిపోతే యాంప్లిఫయర్ నిర్దోషి. ఆ తరువాత ఒక్కొక్క తీగనే తిరిగి కలుపుతూ, హోరు ఏ తీగతో మొదలైందో గమనించండి. సెట్ టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ తీగను విడిగా ఊడదీసి చూడడం మరచిపోవద్దు, ఇటువంటి ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన దోషి అదే.

ఉదయం పెట్టె లోపలి మోత గురించి ఒక ప్రశ్న. ఆ వేళలో ఇంట్లో ఎవరైనా హెయిర్ డ్రయర్ వాడతారా?


సమాధానం: పాత రికార్డుల పిచ్చివాడు, హైదరాబాద్

పెద్దవారు ప్రధానమైన విషయం చెప్పారు కనుక, నేను స్టెబిలైజర్, యూపీఎస్‌ల విషయానికి మాత్రమే పరిమితమవుతాను. చాలాకాలంగా వీటిని అమర్చుతూ, ఇతరుల ఇళ్లలో వింటూ ఉన్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, వోల్టేజి తక్కువ కావడం సంగీతానికి మనం భయపడినంత కీడు చేయదు.

లెక్క చూడండి. సాధారణ యాంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్లు ఉంటాయి, లోపలి డీసీ వోల్టేజి గోడ వోల్టేజిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 230 నుంచి 207కు, అంటే పదో వంతు తగ్గితే, యాంప్లిఫయర్ ఇవ్వగలిగే గరిష్ఠ శక్తి 100కు 81 పాళ్లకు తగ్గుతుంది. మీ 60 వాట్లు 49 అవుతాయి. డెసిబెళ్లలో ఇది ఒకటి కన్నా తక్కువ. అది కూడా పూర్తి శక్తితో మోగించినప్పుడే. గదిలో మనం వినే స్థాయికి సగటున ఒకటి రెండు వాట్లు చాలు కాబట్టి, 207 వోల్టుల దగ్గర వినే సంగీతానికి, 230 దగ్గర వినే సంగీతానికి తేడా ఉండదు. డాక్, లాప్‌టాప్ వంటి వాటి లోపల రెగ్యులేటర్లు ఉంటాయి, వాటికి ఈ హెచ్చుతగ్గులు అసలే పట్టవు. భయపడవలసింది ఎక్కువ వోల్టేజికి. 250 దాటి గంటల తరబడి ఉంటే కెపాసిటర్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి వాటి ఆయువు తగ్గుతుంది.

అందుచేత న్యూట్రల్ సరిచేయించాక కూడా అర్ధరాత్రి 245 దాటుతూనే ఉంటే సర్వో స్టెబిలైజర్ పెట్టుకోవడంలో అర్థం ఉంది. రిలేలతో నడిచే మామూలు స్టెబిలైజర్ మెట్లు మెట్లుగా వోల్టేజి మారుస్తుంది, మారిన ప్రతిసారీ రిలే టక్కుమనడమే కాక ఆ కుదుపు స్పీకర్లలో కూడా వినిపించవచ్చు. సర్వోలో చిన్న మోటారు కార్బన్ బ్రష్షును ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీద జరుపుతూ వోల్టేజిని మెత్తగా సరిచేస్తుంది. అది నెమ్మదిగా పని చేస్తుంది గనుక మోటారు మొదలైన క్షణంలో పడే వోల్టేజిని పట్టుకోలేదు, గంటల మీద మారే వోల్టేజికి మాత్రం చక్కగా సరిపోతుంది. దానిని సంగీతం గదిలో పెట్టకండి, అది కూడా సన్నగా మోగుతుంది. బ్రష్షు అరుగుదల చూసుకుంటూ ఉండాలి. ఒక విషయం మాత్రం స్పష్టంగా తెలుసుకోవాలి: స్టెబిలైజర్ వోల్టేజిని నిలబెడుతుంది గాని, కరెంటులోని చప్పుడును శుభ్రం చేయదు. మీ మూడు శబ్దాల్లో ఒక్కటి కూడా దానితో పోదు.

ఆన్‌లైన్ యూపీఎస్ ఏసీని డీసీగా మార్చి మళ్లీ కొత్త ఏసీని తయారుచేస్తుంది కాబట్టి కాగితం మీద అదే ఉత్తమం. అయితే దాని ఫ్యాను రోజంతా తిరుగుతుంది, బ్యాటరీలు కొన్నేళ్లకొకసారి మార్చాలి, మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు యాంప్లిఫయర్ ఒక్క క్షణం లాగే కరెంటుకు తగిన సామర్థ్యం లేని చిన్న యూపీఎస్ అక్కడ తడబడుతుంది. మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ విషయం మరీ ముఖ్యం. అది పాత స్క్వేర్ వేవ్ రకమైతే సంగీతం గది సర్క్యూట్‌ను దాని నుంచి తప్పించండి. 230 వోల్టుల సైన్ వేవ్ శిఖరం 325 వోల్టులు. అదే 230 వోల్టుల స్క్వేర్ వేవ్‌కు శిఖరమూ 230 దగ్గరే ఉంటుంది. యాంప్లిఫయర్ కెపాసిటర్లు శిఖరం వరకే నిండుతాయి గనుక లోపలి వోల్టేజి దాదాపు 30 శాతం పడిపోయి, గరిష్ఠ శక్తి సగమవుతుంది. దానికి తోడు స్క్వేర్ వేవ్‌లో ఉండే 150, 250, 350 హెర్ట్జ్ భాగాలు ట్రాన్స్‌ఫార్మర్‌ను గరగరలాడిస్తాయి.

ఖరీదైన పవర్ కేబుళ్ల మాట మీరు అడగలేదు గాని, అంగడివారు తప్పకుండా తెస్తారు. డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి మీ సాకెట్‌కు 20 మీటర్లు అనుకుంటే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానూపోనూ నిరోధం సుమారు 0.3 ఓములు. యాంప్లిఫయర్ గట్టిగా మోగుతూ 300 వాట్లు తీసుకుంటున్నా అందులో పోయేది అర వోల్టుకు లోపే. సాకెట్ నుంచి యాంప్లిఫయర్ వరకు ఉండే మీటరున్నర తీగను ఎంత లావు చేసినా మిగిలేది వోల్టులో కొన్ని వందో వంతులు. ఆ డబ్బుతో గదికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల లైను, మంచి 16 ఆంపియర్ల సాకెట్లు వేయించుకోవడం నూరుపాళ్లు మేలు, ఎందుకంటే చాలా ఇళ్లలో శబ్దం పుట్టేది తీగలో కాదు, సాకెట్ లోపల వదులైన స్క్రూ దగ్గర.


తదుపరి వివరణ: గోదావరి శ్రోత

ఇంత శ్రద్ధగా రాసిన ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎర్త్ పిన్ను ఆ రోజే పెట్టించాను. మా ఎలక్ట్రీషియన్ తీసిన కొలతలు ఇవి. మోటారు ఆపి ఉన్నప్పుడు ఫేజు-న్యూట్రల్ 232, ఫేజు-ఎర్త్ 231, న్యూట్రల్-ఎర్త్ 1 వోల్టు. మోటారు నడుస్తుండగా ఫేజు-న్యూట్రల్ 251, న్యూట్రల్-ఎర్త్ 22. అదే సమయంలో మోటారు ఉన్న ఫేజులో 198 మాత్రమే ఉంది. ఆ సంఖ్యలు చూసి మా ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపేసి, లైన్‌మన్ వచ్చేదాకా మళ్లీ వేయవద్దన్నారు.

లైన్‌మన్ వచ్చి మీటరు దగ్గర మూత తీయగా, సర్వీసు వైరులోని అల్యూమినియం న్యూట్రల్‌ను ఇంటి రాగి తీగకు ఊరికే మెలిపెట్టి టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే లోపల తెల్లటి పొడి, దాని కింద నల్లగా కాలిన తీగ. నాలుగైదు పోగులు తెగి వేలాడుతున్నాయి. ఆయన దానిని కోసేసి, రెండు లోహాలకూ సరిపడే లగ్గు (తీగ చివర బిగించే లోహపు తొడుగు) వేసి బిగించారు. ఇప్పుడు మోటారు వేస్తే సంగీతం గదిలో వోల్టేజి ఒక వోల్టు కూడా కదలడం లేదు.

హోరు విషయంలోనూ మీరు ఊహించినదే నిజమైంది. సిగ్నల్ తీగలన్నీ ఊడదీస్తే నిశ్శబ్దం, డాక్ కలిపినా నిశ్శబ్దమే, సెట్ టాప్ బాక్సు కలపగానే హోరు, దాని వెనుక కేబుల్ తీగ ఒక్కటి ఊడదీస్తే మళ్లీ నిశ్శబ్దం. మా అమ్మాయి ఉదయం కాలేజీకి వెళ్లే ముందు హెయిర్ డ్రయర్ వాడుతుంది, యాంప్లిఫయర్ మోత సరిగ్గా ఆ సమయంలోనే వస్తోంది. దానికి, దీనికి సంబంధం ఏమిటో మాత్రం నాకు బోధపడలేదు. ఇక ఫ్రిజ్ దెబ్బ, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, డాలస్ నుంచి వచ్చిన రికార్డ్ ప్లేయర్ మిగిలాయి. సంగీతం కోసం విడిగా ఒక ఎర్త్ గుంత తవ్వించమని ఒక మిత్రుడు అంటున్నారు, అది మంచిదేనా?


సమాధానం: విశ్రాంత ఇంజినీరు, ఏలూరు

చాలా సంతోషం. 22 వోల్టుల న్యూట్రల్‌తో ఇన్నాళ్లూ మీ పరికరాలు కాలిపోకుండా ఉండడం అదృష్టమే. ఆ అతుకు మళ్లీ ఎప్పుడూ చెడదని చెప్పలేం, పైగా న్యూట్రల్ మీ ఇంటి దగ్గరే కాక స్తంభం దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా తెగవచ్చు. అందుచేత సంగీతం గది లైనుకు వోల్టేజి పరిధి దాటగానే సరఫరా కోసేసే రిలే ఒకటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో పెట్టించండి. 260 దాటితే, 180 కన్నా తగ్గితే ఆపేసి, కొద్ది నిమిషాలు వోల్టేజి నిలకడగా ఉన్న తరువాతే తిరిగి ఇచ్చేటట్టు అమర్చవచ్చు. దాని పక్కనే పిడుగుపాటు వల్ల వచ్చే ఉప్పెన వోల్టేజిని నేలకు మళ్లించే టైప్ 2 సర్జ్ ప్రొటెక్షన్ పరికరం పెట్టించండి. స్పైక్ బస్టర్ పలకల్లో ఉండే చిన్న వేరిస్టర్ (ఉప్పెన వోల్టేజిని మింగే భాగం) ప్రతి దెబ్బకూ కొంత అరిగిపోతుంది, అరిగిన సంగతి బయటికి తెలియదు. బోర్డులో పెట్టే పరికరానికి పాడైతే రంగు మారే గుర్తు ఉంటుంది, వానాకాలానికి ముందు దానిని చూసుకోవాలి. ఇవన్నీ ఉన్నా, ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు కేబుల్ తీగ కూడా ఊడదీయడమే మంచి అలవాటు.

హెయిర్ డ్రయర్ సంగతి. చవక రకం డ్రయర్లలో వేడిని సగానికి తగ్గించడానికి ఒక డయోడు వాడతారు. అది ఏసీ తరంగంలో ఒక వైపు సగాన్నే వాడుకుంటుంది. దానివల్ల ఇంటి లైనులో స్వల్పంగా, అర వోల్టు వరకు, డీసీ ఏర్పడుతుంది. ఇంత చిన్న వోల్టేజిని తక్కిన పరికరాలేవీ పట్టించుకోవు. మీ యాంప్లిఫయర్‌లోని గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ నిరోధం కొద్ది ఓములే కనుక, 2 ఓములకు అర వోల్టు పడితే పావు ఆంపియర్ డీసీ దానిగుండా పారుతుంది. టొరాయిడ్ ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునే అయస్కాంతీకరణ కరెంటు దీనికి ఎన్నో రెట్లు తక్కువ. అందుచేత దాని ఇనుప కోరు ఒక వైపు నిండిపోయి మోగుతుంది. అది మీ యాంప్లిఫయర్ లోపం కాదు. డ్రయర్‌ను పూర్తి వేడి మీద పెట్టి చూడండి, మోత ఆగిపోతే నా అంచనా సరైనదే. పొరుగింటి డ్రయర్ వల్ల కూడా ఇది రావచ్చు. శాశ్వత పరిష్కారం డీసీ బ్లాకర్. ఎదురెదురుగా కలిపిన పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, వాటి మీద వోల్టేజి ఒకటి రెండు వోల్టులు దాటకుండా కాపాడే బ్రిడ్జి డయోడ్లు, ఇంతే అందులో ఉండేది. ఇది నేరుగా మెయిన్స్ మీద కూర్చునే వస్తువు కాబట్టి తెలిసినవారి చేత లోహపు పెట్టెలో కట్టించాలి, పెట్టెకు ఎర్త్ ఉండాలి, ఎర్త్ తీగను మాత్రం ఆ కెపాసిటర్ల గుండా పంపకూడదు.

సెట్ టాప్ బాక్సు విషయంలో రెండు మార్గాలు ఉన్నాయి. కేబుల్ తీగ బాక్సులోకి వచ్చే చోట గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న ముక్క పెట్టవచ్చు, అది టీవీ సిగ్నల్‌ను వదిలి 50 హెర్ట్జ్‌ను ఆపేస్తుంది. లేదా టీవీ నుంచి డాక్‌కు ఆప్టికల్ తీగ వేసుకోండి, అందులో పారేది వెలుతురు కనుక రెండు ఎర్త్‌లకు పొత్తు కుదిరే అవకాశమే లేదు. నేనైతే రెండవదే ఎంచుకుంటాను.

ఫ్రిజ్ దెబ్బ థర్మోస్టాట్ స్పర్శలు విడిపోయే క్షణంలో పుట్టే నిప్పురవ్వ వల్ల వస్తుంది. సంగీతం గదికి బోర్డు నుంచి విడిగా లైను వేస్తే చాలావరకు పోతుంది. మిగిలితే ఫ్రిజ్ సాకెట్ దగ్గరే ఈఎమ్ఐ ఫిల్టరు (విద్యుదయస్కాంత చప్పుడును వడకట్టేది) పెట్టండి. చప్పుడును పుట్టిన చోట ఆపడం తేలిక, ఇల్లంతా తిరిగి వచ్చాక పట్టుకోవడం కష్టం. ఇంట్లో ఇటువంటి మూలాలు ఇంకా ఉన్నాయేమో తెలుసుకోవడానికి బ్యాటరీతో నడిచే చిన్న రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి గదులన్నీ తిప్పండి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జరు దగ్గరకు వెళ్లగానే రేడియో గరగరలాడుతుంది. ఒక్కొక్కటీ ఆపి చూస్తే దోషి తేలిపోతుంది.

విడి ఎర్త్ గుంత గురించి మీ మిత్రుడి సలహా పాటించకండి. ఒకే ఇంట్లో ఒకదానికొకటి కలవని రెండు ఎర్త్‌లు ఉంటే, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఆ రెంటి మధ్య వేల వోల్టుల తేడా వచ్చి, రెంటికీ తగిలి ఉన్న పరికరం దానికి బలి అవుతుంది. కొత్త గుంత కావాలంటే తవ్వించండి గాని, దానిని పాత ఎర్త్‌తో లావుపాటి తీగతో కలిపి తీరాలి. పాత గుంత ఎలా ఉందో ముందు కొలిపించండి. మన ఎలక్ట్రీషియన్లు ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, వెలిగితే ఎర్త్ బాగుందంటారు. ఆ బల్బు నిరోధం దాదాపు 530 ఓములు. ఎర్త్ నిరోధం 50 ఓములున్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, అది చక్కగానే వెలుగుతుంది. అయితే ఆ 50 ఓముల ఎర్త్‌లోకి ఫేజు తగిలితే పారేది 4.6 ఆంపియర్లు, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే పడిపోయే స్విచ్చి) కదలనైనా కదలదు. కనుక ఎర్త్ నిరోధాన్ని కొలిచే ఎర్త్ మెగ్గర్‌తో కొలిపించాలి. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యంగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కొద్దిగా లీకైనా సరఫరా కోసేసే స్విచ్చి) ఉండాలి. 5 ఓముల మంచి ఎర్త్‌లోనూ పారేది 46 ఆంపియర్లే. సీ రకం ఎంసీబీ తక్షణం పడిపోవాలంటే దాని సామర్థ్యానికి అయిదు నుంచి పది రెట్లు, అంటే 16 ఆంపియర్లదానికి 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. ఎర్తింగ్ ఒక్కటే ప్రాణం కాపాడుతుందనుకోవడం మన ఊళ్లలో బలంగా పాతుకుపోయిన నమ్మకం, దానిని వదులుకోవాలి.

ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీకు ఇప్పుడు అవసరం లేదని నా అభిప్రాయం. ఇవన్నీ చేశాక కూడా కరెంటు తీగ వెంట వచ్చే చప్పుడు మిగిలితే, రెండు చుట్ల మధ్య రాగిరేకు కవచం ఉన్నదానిని, మీ వాడకానికి మూడు నాలుగు రెట్ల సామర్థ్యంతో తీసుకోండి. దాని సెకండరీలో ఒక చివరను ఎర్త్‌కు కలిపి, ఆ తరువాత మరో ఆర్‌సీసీబీ పెట్టించాలి, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందున్న ఆర్‌సీసీబీకి దాని వెనుక జరిగే లీకేజి కనిపించదు.


సమాధానం: శివరంజని శ్రోత, చికాగో

రికార్డ్ ప్లేయర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడి నుంచి పరికరాలు పట్టుకెళ్లే మనవాళ్లందరూ 230ని 120కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొంటే సరిపోతుందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చలేదు. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మనదేశంలో 50.

మీ ప్లేయర్‌లోని మోటారు ఏ రకమో ముందుగా అడుగున ఉన్న పట్టీ మీద చూడండి. బయట చిన్న అడాప్టరుతో డీసీ మీద నడిచేదైతే చింత లేదు, 100 నుంచి 240 వరకు పనిచేసే అడాప్టరు మార్చుకుంటే అయిపోతుంది. ఏసీ సింక్రనస్ మోటారైతే మాత్రం అది సరఫరా ఫ్రీక్వెన్సీకి కట్టుబడి తిరుగుతుంది. 60 కోసం చేసిన మోటారు 50 మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం 27.8 మాత్రమే తిరుగుతుంది. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. ఆరు శ్రుతిలో పాడిన గాయని గొంతు నాలుగున్నర శ్రుతిలో, కాలం కూడా సాగి వినిపిస్తుంది. కర్ణాటక సంగీతం వినేవారికి అది భరించరానిది.

దీనికి మార్గాలు రెండు. బెల్టుతో నడిచే ప్లేయర్లలో కొన్నిటికి 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది, దాని వ్యాసం అయిదో వంతు పెద్దది కాబట్టి వేగం సరిపోతుంది. వోల్టేజికి చిన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు, దాని అవుట్‌పుట్ 100 వోల్టుల దగ్గర ఉంటే ఇంకా మంచిది. 120ని 60తో భాగించినా, 100ను 50తో భాగించినా వచ్చేది 2. మోటారు కోరులోని అయస్కాంత ప్రవాహం ఆ నిష్పత్తినే బట్టి ఉంటుంది గనుక, 50 హెర్ట్జ్ మీద 100 వోల్టులిస్తే మోటారు అమెరికాలో ఉన్నంత చల్లగా, అంతే నిశ్శబ్దంగా తిరుగుతుంది. 120 ఇస్తే ప్రవాహం అయిదో వంతు పెరిగి మోటారు వేడెక్కి మోగుతుంది. రెండో మార్గం, క్వార్ట్జ్ స్ఫటికం ఆధారంగా 60 హెర్ట్జ్ సైన్ వేవ్‌ను కొత్తగా తయారుచేసి ఇచ్చే చిన్న విద్యుత్ సరఫరా పెట్టె. సింక్రనస్ మోటారు తీసుకునేది కొద్ది వాట్లే కాబట్టి అది చిన్నదిగానే ఉంటుంది. కరెంటును కొత్తగా తయారుచేసే పరికరం హై-ఫైలో నిజంగా తన ఖరీదుకు తగిన పని చేసే చోటు ఇదొక్కటేనని నేను నమ్ముతాను. పైన హైదరాబాద్ మిత్రులు యాంప్లిఫయర్‌కు ఆన్‌లైన్ యూపీఎస్ వద్దన్న కారణాలేవీ ఇక్కడ వర్తించవు.

ప్లేయర్ కలిపిన రోజున మళ్లీ హోరు వినిపిస్తే కరెంటును అనుమానించకండి. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి (టోన్ ఆర్మ్ చివర సూది ఉండే భాగం) ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులు, మీ డాక్ ఇచ్చే 2 వోల్టులలో 400వ వంతు. పైగా రికార్డులు కోసేటప్పుడు తగ్గించిన మంద్ర స్వరాలను ఫోనో స్టేజి (ప్లేయర్ సిగ్నల్‌ను పెంచే భాగం) తిరిగి పెంచాలి కాబట్టి, 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ను అది ఏడు రెట్లు ఎక్కువగా పెంచుతుంది. అందుకే చిన్న ప్రేరణ కూడా పెద్ద హోరవుతుంది. ప్లేయర్ వెనుక సిగ్నల్ తీగలతో పాటు వచ్చే సన్నని విడి తీగను యాంప్లిఫయర్ వెనుక ఉన్న గ్రౌండ్ స్క్రూకు బిగించండి. ప్లేయర్‌ను యాంప్లిఫయర్ మీద గాని, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గాని పెట్టకుండా ఒక మీటరు దూరంలో ఉంచండి. రికార్డు తిరగకుండా, వాల్యూమ్ మామూలుగా వినే స్థాయిలో పెట్టి, టోన్ ఆర్మ్‌ను చేత్తో పళ్లెం మీద అటూ ఇటూ జరిపి చూడండి. జరిపినకొద్దీ హోరు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, అది ఏదో ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జి పట్టుకోవడమే, ప్లేయర్ చోటు మార్చితే పోతుంది.